శుక్రవారం పారాయణకు మగవాళ్లను రానివ్వాలా?

విజయవాడ సత్యనారాయణపురంలో మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లం పదిహేను మందిమి శుక్రవారం మధ్యాహ్నాలు లలితా సహస్రనామ పారాయణ చేస్తాం. ఆరేళ్లుగా మగవాళ్లెవరూ రాలేదు. నియమమంటూ పెట్టుకోలేదు, అలా జరిగిపోయింది.

ఈమధ్య పై అంతస్తు బాబాయిగారు తానూ వస్తానన్నారు. పిన్నిగారు మాతోనే చదివేవారు, సంక్రాంతికి ముందు పోయారు. అట్ట ఊడి, పసుపు మరకలున్న ఆవిడ పుస్తకం పట్టుకుని ఆయన మెట్ల మీద కూర్చుని వింటున్నారు. చూస్తే కడుపు తరుక్కుపోతోంది.

శాస్త్రం అడ్డు కాదు. హయగ్రీవుడు ఈ నామాలు ఉపదేశించింది అగస్త్యుడికే. మన దుర్గమ్మ భవానీ దీక్ష కూడా ఆడా మగా ఇద్దరూ తీసుకుంటారు. తిరువనంతపురంలో ఆట్టుకాల్ అమ్మవారి గుడి పొంగాల మాత్రం ఆడవాళ్లే వండి పెడతారు.

నా టెన్షన్ వేరు. హారతయ్యాక గంటసేపు మాట్లాడుకుంటాం. అత్తింటి గొడవలు, గర్భసంచి ఆపరేషన్లు, అన్నీ. భర్త పోయిన ఒక అక్కకి మేమే కుంకుమ పెడతాం. ఆవిడ మనసు విప్పి ఏడ్చింది ఇక్కడే. మగమనిషి ఎదురుగా ఉంటే ఆ మాటలు బయటికి రావు.

నెలకో శుక్రవారం అందరికీ పెట్టి, మిగతావి మాకే ఉంచుకుంటే బాగుంటుందా? మీ దగ్గర ఇలా జరిగితే ఏం చేశారు? ఆయన మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి? వచ్చే శుక్రవారంలోపు జవాబివ్వాలి.