సంక్రాంతి శనివారం – పనుల జాబితా (ఇదే చివరిది, ఇక మార్పుల్లేవు)

కార్యదర్శి · బుధవారం రాత్రి 9:40
హాలు తాళం శనివారం పొద్దున 8:30కి ఇస్తారు, జనం 11:30 నుంచి. పనులు: ముగ్గుల పోటీకి నేల మీద టేపు, భోగిపళ్లకి రేగుపళ్లు (దొరక్కపోతే చెరుకు ముక్కలు, పూలు, చిల్లర), గాలిపటాల టేబులు, సౌండు. వంట మామూలే. పార్కింగులో రెండు ప్రొపేన్ పొయ్యిలు, ఒకదాని మీద మిరియాల చారు 30 లీటర్లు, ఇంకోదాని మీద మటన్ ఎముకల సూపు 12. తలుపు దగ్గరే కప్పుల్లో ఇస్తాం. మిగతా భోజనం బయటినుంచి వస్తుంది. రేపు రాత్రిలోగా పేర్లు రాయండి.

ఖజానా · గురువారం సాయంత్రం 5:15
హాలువాళ్ల మెయిలు ఇప్పుడే వచ్చింది. ప్రొపేన్ కుదరదట. లోపలే కాదు, పార్కింగులో కూడా. ట్రేల కింద వెలిగించే జెల్ డబ్బాలకీ నో. కరెంటు మీద వెచ్చబెట్టుకోవచ్చు, వండకూడదు. భోజనం తెచ్చేవాళ్లని అడిగితే చారూ సూపూ కలిపి 380 డాలర్లన్నారు. మన దగ్గర మిగిలింది 140.

సిద్దిపేట · 5:31
పార్కింగుల పొయ్యి పెడితె వాళ్లకేమైతది? పోయినసారి ఊకున్నరు గద. ఇంకోసారి ఫోన్ చేసి అడుగుర్రి.

ఖజానా · 5:44
అడిగానన్నా. మనం సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. సూపులు మానేసి టీతో సరిపెట్టేద్దామా?

తెనాలి వదిన · 5:50
జనవరి చలిలో వణుక్కుంటూ వస్తే టీయా? టీ ఎవరింట్లో లేదు! ఇళ్లలో వండి తెద్దాం. చారుకి మూడిళ్లు, సూపుకి ఒకిల్లు.

అనకాపల్లి · 6:20
ఇళ్లలో వండటం బాగానే ఉంది గానీ వదినా, నీళ్ల లెక్క మారిపోతుంది. ఇంటి పొయ్యిలో పెద్ద బర్నరు మీద మూత లేకుండా తెర్లితే గంటకి రెండున్నర లీటర్ల దాకా ఆవిరైపోతాయి. గిన్నెలో 8 లీటర్లున్నా 30 ఉన్నా పోయేది ఇంచుమించు అంతే, ఎందుకంటే అది మంటని బట్టి పోతుంది. 30లో రెండు తగ్గితే ఎవరికీ తెలియదు. 8లో రెండు తగ్గితే ఉప్పూ పులుపూ నాలిక్కి గుచ్చుకుంటాయి. అందుకే పెద్ద డేగిసా కొలతలు నాలుగోవంతు చేసి ఇంట్లో వండితే చారు తేడా కొడుతుంది.

తెర్లడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా వేడి 100 డిగ్రీలు దాటదు. ఎక్కువ పెట్టిన మంటంతా ఆవిరికే ఖర్చు. అక్కడొకటి ఇక్కడొకటి బుడగ వచ్చేంత సెగ చాలు. గిన్నె వెడల్పాటిది వద్దు, నిలువుది తీసుకోండి. 14 అంగుళాల బేసిన్‌కి పైన తెరిచి ఉండే జాగా 10 అంగుళాల గిన్నెకి ఉన్నదానికి దాదాపు రెండింతలు.

తెనాలి వదిన · 6:34
మూత పెడితే పప్పుకట్టు పొంగి స్టవ్వంతా అవుతుంది. అందుకేగా అందరూ తీసి పెట్టేది.

అనకాపల్లి · 6:41
మొదటి పది నిమిషాలు మూత తీసి నురగంతా గరిటెతో తీసెయ్యండి, ఒక చెంచా నెయ్యి వెయ్యండి, సెగ తగ్గించి అప్పుడు మూత పెట్టండి. పొంగదు. మూతకి చిల్లు ఉంటే పిండిముద్దతో మూసెయ్యండి. మూత వదులైతే కింద ఫాయిల్ పరవండి. ఇంకా మంచిది మన పాత పద్ధతే: అంచున్న పళ్లెం గిన్నె మీద పెట్టి దాంట్లో రెండు గ్లాసుల చన్నీళ్లు పొయ్యడం. ఆవిరి పళ్లెం అడుక్కి తగిలి నీరై మళ్లీ గిన్నెలోకే కారుతుంది. పళ్లెంలో నీళ్లు కాగితే మార్చండి. కాగినవాటిని పారబోయకండి, తగ్గినప్పుడు పొయ్యడానికి అవే పనికొస్తాయి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోయి, మళ్లీ అందుకునేలోపు టమాటా వాసన పచ్చిగా తేలుతుంది.

కార్యదర్శి · 7:02
అన్నీ బాగున్నాయి. 30 లీటర్ల వేడి చారు కార్లలో ఎలా వస్తుంది? బ్రేకు వేస్తే సీట్ల మీదికొస్తుంది. ముగ్గుల టేపు ఎవరైనా కొన్నారా?

తెనాలి వదిన · 7:20
అయితే నీళ్లు హాల్లోనే కలుపుదాం. చారు రెండింతలు చిక్కగా కాచి తెస్తాం. ఇంటికి 5 లీటర్లు, మూడిళ్లకి 15. అక్కడ మరో 15 లీటర్ల మరిగే నీళ్లు కలిపితే 30. మన సామాన్లలో 100 కప్పుల కాఫీ అర్న్ (కొళాయి ఉన్న కరెంటు డ్రమ్ము) ఉంది కదా, దాని కప్పు 5 ఔన్సులు, అంటే నిండా పోస్తే దాదాపు 15 లీటర్లు. దాంట్లో నీళ్లే కాయాలి. చారు పోస్తే కొళాయిలో పప్పు ఇరుక్కుంటుంది.

సిద్దిపేట · 7:33
కొళాయి నీళ్లు కలిపి చారు అని పోస్తరా? గంత సంబరమేంది వదినా. రేపు అందరు మనల్నే అంటరు.

తెనాలి వదిన · 7:36
చారులో నీళ్లు కాక ఇంకేముంటాయి? మీరు నాలుగు గంటలు మరగబెట్టే ఎముకల సూపుకి మాత్రం ఎవరి స్టవ్వు ఖాళీగా ఉంది?

సిద్దిపేట · 7:40
కుక్కర్ల చేస్తె ఆ రుచి రాదు. గిన్నెల సన్న మంట మీద నాలుగు గంటలు మరగాలె. గట్ల వద్దంటె మీరే చేసుకోర్రి, నాకేం.

కార్యదర్శి · 7:58
అన్నా, వదినా, ఇద్దరికీ దండం. వంట విషయం వంటవాళ్లే తేల్చండి, కానీ ఈ రాత్రికే తేల్చండి.

అనకాపల్లి · 8:15
అన్నా, రుచి మరగడంలో సగమే, మిగతా సగం వేయించడంలో వస్తుంది. ఎముకల్ని ఉల్లిపాయా అల్లంవెల్లుల్లితో మూత లేకుండా ఎర్రగా వేయించి, ఆ తర్వాతే కుక్కర్ మూత పెట్టండి. వేయించేటప్పుడు పోవాల్సిన తడి పోతుంది. ఆ తర్వాత నీటిచుక్క బయటికి వెళ్లే దారుండదు. కరెంటు కుక్కర్ అయితే దాదాపు పోసినంతా ఉంటుంది. విజిల్ కుక్కర్ అయితే మొదటి విజిల్ రాగానే సెగ బాగా తగ్గించాలి, లేకపోతే ప్రతి విజిల్‌కీ కొంత పోతూనే ఉంటుంది. ఆవిరి తీసెయ్యడానికి తొందరపడొద్దు. 5 లీటర్లున్న కుక్కర్‌ని వెంటనే తెరిస్తే 150 మిల్లీలీటర్ల దాకా ఆవిరే పోతుంది, దాంతో పాటు కొవ్వు కూడా చిమ్ముతుంది. అదే చల్లారనిస్తే సూపు తేటగా ఉంటుంది.

సిద్దిపేట · 9:05
సరే. ఎముకలు నేనే తెస్త, హలాల్ దుకాణంల నల్లి, కాళ్లు కలిపి 6 కిలోలు. 8 క్వార్టుల (ఏడున్నర లీటర్ల) కుక్కర్లు రెండున్నయి, రెండు విడతలు. ఒక్కోదాంట్ల కిలోన్నర ఎముకలు, మూడున్నర లీటర్ల నీళ్లు, అంతకు మించి పోస్తె మూడింట రెండొంతుల గీత దాటుతది. గంట ప్రెషరు, అరగంట ఊకె వదిలిపెట్టుడు. ఉప్పు సగమే వేస్త, మిగిలింది హాల్ల. మిరియాలు, ధనియాల పొడి, పుదీన ఆఖరుకు.

తెనాలి వదిన · 9:12
మంచిదన్నా. ఒక డబ్బా నాకు విడిగా తీసిపెట్టండి.

చారు ఇంటికి 5 లీటర్ల చిక్కని కట్టుకి: కందిపప్పు 300 గ్రాములు, చింతపండు 150, టమాటాలు కిలోన్నరకి కాస్త తక్కువ, ఉప్పు 85, మిరియాలూ జీలకర్రా కలిపి దంచింది 40. పప్పు కుక్కర్లో మెత్తగా ఉడికించి, మెదిపి వడకట్టండి, పలుకులుంటే చల్లారాక నీళ్లు పీల్చి అడుగున గట్టిపడతాయి. చింతపండూ టమాటా మూత పెట్టి ఇరవై నిమిషాలు. పొడి ఈ దశలో వెయ్యొద్దు, ఎక్కువసేపు మరిగితే వాసన ఆవిరితో పోయి చేదు మిగులుతుంది. పొడి, తాలింపు, కొత్తిమీర విడి డబ్బాల్లో తీసుకురండి.

వైరింగ్ బావ · 10:10
హాలు వంటగదిలో రెండే సర్క్యూట్లు, ఒక్కోటి 20 ఆంపులు, అంటే 120 వోల్టుల మీద 2,400 వాట్లు. మన రోస్టరు (చారు వెచ్చగా ఉంచే కరెంటు గిన్నె) ఒక్కోటి 1,450, అర్న్ 1,500. ఏ రెండు ఒకే సర్క్యూటు మీద పెట్టినా బ్రేకరు పడుతుంది. స్టేజీ పక్క ప్లగ్గు సౌండువాళ్లది, దాని జోలికి వెళ్లొద్దు. కాబట్టి 8:45కి అర్న్ పెట్టండి, 15 లీటర్లు మరగడానికి గంట పైనే పడుతుంది. నీళ్లు రోస్టర్లలోకి దింపాక అర్న్ ప్లగ్గు తీసి ఆ జాగాలో రోస్టరు పెట్టండి. ఎక్స్‌టెన్షన్ తీగలు సన్నవి తేవద్దు.

అనకాపల్లి · 10:32
రోస్టర్లు 18 క్వార్టులవి, అంటే 17 లీటర్లు. ఒక్కోదాంట్లో 10 పోసి, మూడో ఇంటి కట్టు వేడి డబ్బాలోనే, దాని నీళ్లు ఫ్లాస్కుల్లోనే ఉంచుదాం, తగ్గేకొద్దీ సగం సగం కలుపుతూ ఉంటే సరి. రోస్టర్ కాచడానికి కాదు, వెచ్చగా ఉంచడానికి. థర్మామీటరు 165 ఫారెన్‌హీట్ దగ్గర చూపిస్తే చాలు, 140 కిందికి మాత్రం రానివ్వకండి. బుడగలొస్తున్నాయంటే డయలు తగ్గించాలి. దాని మూత వదులు, ఫాయిల్ తప్పనిసరి.

వడ్డన మొదలయ్యాక ఒక చిక్కుంది. సగానికి దిగిన చారు, నిండుగా ఉన్నదానికంటే వేగంగా ఉప్పెక్కుతుంది, ఎందుకంటే తెరిచిన జాగా అంతే, లోపల నీళ్లు మాత్రం సగం. రెండూ సగానికి రాగానే ఒకదాంట్లోకి పోసెయ్యండి.

కార్యదర్శి · శుక్రవారం రాత్రి 8:20
మూడిళ్ల చారు ఎంతవరకు వచ్చింది?

ఖమ్మం పిన్ని · 8:41
మాది దించాను. గరిటె కాడ మీద పెట్టుకున్న గీతకి కొలిస్తే 4.2 లీటర్లే ఉంది. ఉప్పు ముందే వేశాను. ఇప్పుడు ఉప్పు కూడా కలపాలా?

తెనాలి వదిన · 8:44
వద్దు పిన్నీ. ఉప్పు ఆవిరితో పోదు, పోయింది నీళ్లే. 800 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోసి గీత దాకా తెచ్చి ఒక్క పొంగు రానివ్వండి. పులుపు కూడా అదే సర్దుకుంటుంది.

అనకాపల్లి · 8:50
గిన్నెతో గ్యారేజీలో పెట్టేయకండి, బయట ఎంత చలున్నా లోపల మధ్యలో వేడి అలాగే ఉంటుంది. రెండు మూడు లోతు తక్కువ ట్రేల్లోకి పోసి, ఐసు నీళ్ల తొట్టిలో ఉంచి కలుపుతూ ఉండండి. రెండు గంటల్లో 70 ఫారెన్‌హీట్ కిందికి, ఆపైన నాలుగు గంటల్లో 41కి రావాలి. పొద్దున ఇంట్లోనే మళ్లీ పొంగించి తీసుకురండి.

సిద్దిపేట · 9:30
సూపు రెండు విడతలు అయినయి. కొలిస్తె పదమూడుకు జెర తక్కువ. ఫ్రిజ్‌ల పెడితె కొవ్వు పైన గడ్డకడతది, పొద్దుగాల సగం తీసేస్త.

ఖజానా · 9:47
కప్పులు 8 ఔన్సులవే (దాదాపు 240 మిల్లీలీటర్లు) దొరికాయి. మనిషికి 150 మిల్లీలీటర్లని లెక్క వేశాం. నిండా పోస్తే మూడింట రెండొంతుల మందికి కూడా రాదు.

తెనాలి వదిన · 9:52
చారు దగ్గర కొలత గరిటె ఉంచండి, చేతివాటం వద్దు.

సిద్దిపేట · 9:58
5 ఔన్సుల గరిటె నా దగ్గరున్నది, రెండు తెస్త. మనిషికి ఒక్క గరిటె. పిల్లలు మళ్ల వస్తె సూపు పోద్దాం, చారు కాదు.