సమస్య: వెన్నుఁ జూపినవాఁడె పో విజయుఁ డయ్యె

నిర్వాహకుడు: రాత్రి ఒలింపిక్స్ పాత రేసులు చూస్తుంటే తట్టిన పాదం. రోయింగ్ మీదే పూరించాలి. ఉత్తరకుమారుణ్ణి, కాలయవనుణ్ణి లాక్కురావద్దు. తాటాకు గారూ, మీకే చెబుతున్నా.

గోదారిగట్టు:

గమ్యమునకును వీపుంచి కాళ్ళఁ దన్ని
తెడ్డు లాగిన రెడ్‌గ్రేవు తీరుఁ జూడు
ఐదు మారులు బంగార మందె నతఁడు
వెన్నుఁ జూపినవాఁడె పో విజయుఁ డయ్యె

బ్రిటన్ రోయింగ్ వీరుడు స్టీవ్ రెడ్‌గ్రేవ్. 1984 లాస్ ఏంజెలెస్ నుంచి 2000 సిడ్నీ దాకా వరసగా ఐదు ఒలింపిక్స్, ఐదింట్లోనూ స్వర్ణం. మా గోదారి మీద పడవవాడు ముందుకే చూస్తాడు, వీళ్ళు మాత్రం గమ్యం వైపు వీపు పెట్టి కూర్చుంటారు!

పాదరసం: ‘కాళ్ళఁ దన్ని’కి వీరతాడు. చేతుల బలమనుకుంటారు గానీ తోపులో ఎక్కువ పాలు కాళ్ళదే.

తాటాకు: వీరతాడు తర్వాత వేద్దురు గాని. ‘జూడు’ పక్కన ‘ఐదు’ ఏమిటండీ? ఉత్వసంధి నిత్యం. ‘తీరుఁ జూడ / నైదు’ అంటే సరిపోయేది. ‘మునకును’లో ఆ ‘ను’ గణం నింపడానికేగా? సరే, అసలు చిక్కు ‘వాఁడె’ దగ్గర. సిడ్నీలో 0.38 సెకన్ల తేడాతో ఓడిన ఇటలీ వాళ్ళూ వీపు పెట్టే కూర్చున్నారు. ఓడినవాడూ వెన్ను చూపితే ఆ ‘ఎ’ ఎక్కడ పొసిగింది? నా పూరణ:

పడవ దరి నన్నుఁ గనినచోఁ బట్టి కాల్చుఁ
డనుచు నట్లాంట నొట్టిడి యతఁడె మరల
సిడ్ని నీటను దిగి నెగ్గెఁ జిత్రముగను
వెన్నుఁ జూపినవాఁడె పో విజయుఁ డయ్యె

1996లో నాలుగో స్వర్ణం గెలవగానే అన్న మాట అది. మరుసటి ఏడాది మధుమేహం బయటపడింది. అయినా 38 ఏళ్ళ వయసులో పిన్సెంట్, ఫోస్టర్, క్రాక్‌నెల్‌లతో నలుగురి పడవెక్కి గెలిచాడు. ఆటకే వెన్ను చూపి మళ్ళీ వచ్చినవాడు. ఇప్పుడు చెప్పండి, ‘వాఁడె’ అతడికి కాక ఇంకెవరికి?

పాదరసం: ఈ విరుపు బాగుంది, ఒప్పుకోక తప్పదు. ఇంకో తిరకాసు. 1984 పడవలో కాక్స్ ఉన్నాడు, అంటే తెడ్డు వేయకుండా పడవకు దారి చూపేవాడు. అతను ముందుకు చూస్తూనే స్వర్ణం కొట్టాడు, వెన్ను చూపకుండా!

గోదారిగట్టు: సంధి దిద్దుకున్నాను, నమస్కారం. కానీ ‘ను’ గురించి మీరా అనేది? మీ ‘నీటను’, ‘జిత్రముగను’ ఏం నింపుతున్నాయో? పైగా ఆ ఏడు రోయింగ్ జరిగింది అట్లాంటా ఊళ్ళో కాదు, లేక్ లేనియర్ మీద. కిందటి నెల మీ ద్రౌపది పద్యంలో ‘గదా’ మూడుసార్లొచ్చినా మేం పల్లెత్తు మాట అనలేదు.

తాటాకు: ఒట్టు ఊళ్ళో పెట్టాడో చెరువులో పెట్టాడో నాకెందుకండీ. ‘గదా’ వచ్చింది రెండుసార్లే. మూడోది భీముడిది.

నిర్వాహకుడు: ఆ ద్రౌపది పద్యం ఇక్కడ మళ్ళీ పెట్టండి, లెక్కపెడదాం.