జీటీఐ మార్క్ 7.5 మాన్యువల్, స్టేజ్ 1: నాలుగో గేర్‌లో ఆర్‌పీఎం లేస్తోంది, బండి కదలట్లేదు

ఫ్రిస్కో_సిక్స్‌స్పీడ్

అందరికీ నమస్తే. బండి 2018 ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ ఎస్‌ఈ, ఆరు గేర్ల మాన్యువల్, 62,000 మైళ్లు. సెకండ్ హ్యాండ్‌లో వచ్చింది. స్టేజ్ 1 మ్యాప్ (పవర్ పెంచే మొదటి స్థాయి ఇంజిన్ సాఫ్ట్‌వేర్), ఓపెన్ ఇన్‌టేక్ (మూత బాక్స్ లేని ఎయిర్ ఫిల్టర్) ముందే ఉన్నాయి, మిగతాదంతా స్టాక్, అంటే ఫ్యాక్టరీదే. డాలస్ ఏరియా, 93 ఆక్టేన్ పోస్తున్నా.

సమస్యలు మూడు. నాలుగో గేర్‌లో 2,500 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఆర్‌పీఎం ఒక్కసారిగా 3,400కి ఎగురుతుంది, స్పీడ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మూడో గేర్‌లో ఇది లేదు. రెండోది, మధ్యాహ్నం 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండలో బండి బద్ధకిస్తుంది. మూడోది, హైవే ర్యాంప్ మలుపులో తొక్కితే స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కుంటుంది.

షాపువాళ్లు క్లచ్‌తో పాటు డౌన్‌పైప్ (టర్బో వెనకాల ఉండే ఎగ్జాస్ట్ పైపు) కూడా వేసేయమంటున్నారు. ఏది ముందు, ఏది అక్కర్లేదు?

డీఎంఎఫ్_దాసు

మొదటిది క్లచ్ స్లిప్పే, అనుమానం అక్కర్లేదు. ఈ బండి ఫ్యాక్టరీ నుంచి 258 పౌండ్-ఫుట్ టార్క్‌తో వస్తుంది, స్టాక్ క్లచ్‌ని దానికి తగ్గట్టే పెట్టారు. స్టేజ్ 1 మ్యాప్‌లు చాలావరకు 300 దాటిస్తాయి, అదీ 2,500 - 3,500 మధ్యలోనే. మార్క్ 7 మాన్యువల్‌కి మ్యాప్ వేశాక ముందు చేతులెత్తేసేది క్లచ్చే అని అందరికీ తెలిసిందే.

మూడో గేర్‌లో ఎందుకు లేదంటే, కింది గేర్లలో బండి త్వరగా వేగం అందుకుంటుంది కాబట్టి బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) నిండేలోపే ఇంజిన్ ఆ టార్క్ జోన్ దాటిపోతుంది. నాలుగు, ఐదులో పూర్తి బూస్ట్‌తో ఆ జోన్‌లోనే ఎక్కువసేపు ఉంటుంది. ఇప్పటికే దొరికిపోయింది కాబట్టి మళ్లీ మళ్లీ టెస్ట్ చేయకండి. స్లిప్ అయిన ప్రతిసారీ ప్లేట్ వేడెక్కి నున్నగా గాజులా అవుతుంది, ఆ తర్వాత మామూలు టార్క్‌కి కూడా జారుతుంది. క్లచ్ మార్చేదాకా స్టాక్ మ్యాప్‌కి వెళ్లండి. అది కుదరకపోతే నాలుగు నుంచి పైగేర్లలో 3,500 లోపు సగానికి మించి తొక్కొద్దు.

గేర్‌బాక్స్ దించినప్పుడు ముందు రియర్ మెయిన్ సీల్ (ఇంజిన్ వెనక ఆయిల్ కారకుండా ఆపేది) చూడమనండి. అక్కడ ఆయిల్ కారి ప్లేట్ తడిస్తే కొత్త క్లచ్ కూడా జారుతుంది. ఈ గేర్‌బాక్స్‌లో రిలీజ్ బేరింగ్, స్లేవ్ సిలిండర్ ఒకే ముక్కగా బెల్‌హౌసింగ్ (క్లచ్‌ని కప్పే గేర్‌బాక్స్ ముందుభాగం) లోపలే ఉంటాయి. పాతదే బిగించి, అది ఆరు నెలలకి లీకైతే మొత్తం పని మళ్లీ మొదటికొస్తుంది, అందుకని కొత్తది వేయించండి. ఫ్లైవీల్ (క్లచ్ ఆనుకునే బరువైన చక్రం) బోల్టులు, సబ్‌ఫ్రేమ్ బోల్టులు సాగే రకం, ఒకసారికే పనికొస్తాయి. కొటేషన్‌లో ఇవి విడిగా రాసి లేకపోతే పాతవే వాడతారని అర్థం. ఏడెనిమిది గంటల లేబర్ అవుతుంది.

కిట్ విషయానికొస్తే స్టేజ్ 1 దగ్గరే ఆగేవాళ్లకి సాక్స్ పెర్ఫార్మెన్స్ క్లచ్, డ్యుయల్ మాస్ ఫ్లైవీల్ (కుదుపుల్ని మింగే రెండు ముక్కలది) సరిపోతాయి. పెడల్ కాస్త బరువెక్కుతుంది, అంతే. ఉన్న ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, పగుళ్లు కనిపిస్తే అదీ మార్చాలి. సింగిల్ మాస్ (ఒకే ముక్కది) వేస్తే న్యూట్రల్‌లో, ఏసీ ఆన్‌లో ఉన్నప్పుడు గేర్‌బాక్స్ గలగలలాడుతుంది. రోజూ ట్రాఫిక్‌లో తిరిగే బండికి అది వద్దంటాను.

కొత్త క్లచ్‌కి మొదటి 500 మైళ్లు సిటీ ట్రాఫిక్‌లోనే నడపాలి, ఫుల్ థ్రాటిల్ లేకుండా. హైవే మైళ్లు లెక్కలోకి రావు. గేర్లు మారితేనే ప్లేట్ కుదురుకుంటుంది.

హ్యూస్టన్_హ్యాచ్

దాసుగారితో ఒక్కచోట ఏకీభవించను. సౌత్ బెండ్ వాళ్ల డెయిలీ కిట్ సింగిల్ మాస్‌తో వేసినవాళ్లు శబ్దానికి అలవాటుపడి బాగానే తిప్పుతున్నారు. రేపు టర్బో పెద్దది చేస్తే ఇదే క్లచ్ పనికొస్తుంది. స్టేజ్ 1 దగ్గరే ఆగేట్టయితే మాత్రం ఆయన చెప్పిందే సరి.

నాక్_లాగర్

ఎండలో బద్ధకించే రెండో సమస్యని ఊహించొద్దు, లాగ్ తీయండి, అంటే నడుపుతూ ఇంజిన్ రీడింగ్‌లు రికార్డ్ చేయండి. ఒక్కో సిలిండర్‌కి ఇగ్నిషన్ కరెక్షన్ (నాక్ వస్తే ఇంజిన్ టైమింగ్ ఎన్ని డిగ్రీలు తగ్గించింది), ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, బూస్ట్ అడిగింది ఎంత వచ్చింది ఎంత, ఇవి చాలు. మూడో గేర్, 2,500 నుంచి 6,000 దాకా ఒకే లాగుడు, ఖాళీ రోడ్డు మీద. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకటి, ఎండలో అరగంట ట్రాఫిక్ తర్వాత ఒకటి.

ఒకటి రెండు డిగ్రీల టైమింగ్ అక్కడక్కడా వెనక్కి తీసుకోవడం మామూలే. అన్ని సిలిండర్లలో నాలుగు డిగ్రీలు దాటితే ఈ పెట్రోల్‌కి, ఈ వేడికి మ్యాప్ ఎక్కువైందని అర్థం. ఒకే సిలిండర్‌లో అయితే ప్లగ్గో కాయిలో చూడాలి. చల్లగా ఉన్నప్పుడు లాగ్ శుభ్రంగా ఉండి ఎండలో మాత్రమే చెడితే అది స్టాక్ ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) పరిమితి. పెద్ద ఇంటర్‌కూలర్ వేస్తే డాలస్ వేసవిలో తేడా నిజంగా తెలుస్తుంది. డౌన్‌పైప్ కంటే ముందు పెట్టాల్సిన డబ్బు ఇది. అలాగే ఆ ఓపెన్ ఇన్‌టేక్ ఇంజిన్ బే వేడిగాలిని పీలుస్తోందేమో చూడండి. శబ్దం తప్ప లాభం లేకపోతే స్టాక్ బాక్సే మేలు.

62,000 మైళ్లంటే ప్లగ్గుల గడువు ఎలాగూ అయిపోయింది. మ్యాప్ ఉన్న బండికి 20,000 - 30,000 మధ్యలోనే మార్చాలి. గ్యాప్ 0.6 - 0.7 మిల్లీమీటర్లు. ఎక్కువుంటే బూస్ట్‌లో స్పార్క్ ఆరిపోయి మిస్‌ఫైర్ వస్తుంది. అమెరికాలో అమ్మిన ఈ ఇంజిన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది, ఇన్‌టేక్ వాల్వులని కడిగేది ఏదీ లేదు. చలిలో స్టార్ట్ చేయగానే వణికితే వాల్వుల మీద మసి పేరుకుని ఉండొచ్చు, అలా అయితే వాల్‌నట్ పొట్టుతో బ్లాస్టింగ్ చేయించాలి.

కూలెంట్ కూడా ఒకసారి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కిందుండే ప్లాస్టిక్ థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర గులాబీ రంగు పొర కట్టి ఉంటే వాటర్ పంప్ లీక్ మొదలైంది. ఇది ఈ బండ్ల మామూలు జబ్బు, ట్యూన్‌తో సంబంధం లేదు.

ఆయిల్ 5డబ్ల్యూ-40, ఫోక్స్‌వ్యాగన్ 502 00 అప్రూవల్ ఉన్నది, 5.7 లీటర్లు, 5,000 మైళ్లకోసారి.

కొలరాడో వైపు వెళ్తే అక్కడ ప్రీమియం అంటే 91. 93 మ్యాప్‌తో వెళ్లకండి. 91 మ్యాప్ ఫ్లాష్ చేసుకుని బయల్దేరండి, కాలిఫోర్నియాకైనా ఇదే మాట.

టైర్_తెనాలి

స్టీరింగ్ లాగడం గురించి. 2018 ఎస్‌ఈలో ముందు చక్రాలకి ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ ఉంది, ఎస్ ట్రిమ్‌లో లేదు. ఆ డిఫ్ జారే చక్రం నుంచి టార్క్‌ని రెండోదానికి పంపుతుంది, అందుకే స్టీరింగ్‌లో లాగుడు తెలుస్తుంది. మలుపులో ఒకేసారి తొక్కకుండా, స్టీరింగ్ తిన్నబడేకొద్దీ పాదం దించండి. సగం స్టీరింగ్ ఉంటే సగం పెడల్. ఆల్‌సీజన్ టైర్లుంటే 300 పౌండ్-ఫుట్ వాటికి ఎక్కువే. 225/40 ఆర్18లో పైలట్ స్పోర్ట్ 4ఎస్ లాంటి సమ్మర్ టైర్ వేస్తే బండే మారిపోతుంది, కానీ 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కింద రబ్బర్ గట్టిపడుతుంది, జనవరి పొద్దుటిపూట జాగ్రత్త. కింద డాగ్‌బోన్ మౌంట్‌కి (ఇంజిన్ ఊగకుండా పట్టుకునేది) గట్టి ఇన్సర్ట్ వేస్తే వీల్ హాప్ (తొక్కగానే చక్రాలు ఎగిరెగిరి పడటం) తగ్గుతుంది. బదులుగా ఐడిల్‌లో కాస్త వణుకు ఉంటుంది, అదే దాని ఖరీదు.

ఇంకో అలవాటు మానుకోండి: ఆరో గేర్‌లో 1,800 దగ్గర పూర్తిగా తొక్కడం. తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద బూస్ట్ వచ్చినప్పుడు మిశ్రమం స్పార్క్ కంటే ముందే అంటుకుని పిస్టన్‌ని కొడుతుంది. రెండు గేర్లు దించి తొక్కండి.

ఫ్రిస్కో_సిక్స్‌స్పీడ్

థాంక్స్ అన్నలూ. క్లచ్, బేరింగ్, ప్లగ్గులు ముందు. డౌన్‌పైప్ సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు.

నాక్_లాగర్

క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుభ్రం చేసేది) తీసేసిన డౌన్‌పైప్ ఫెడరల్ చట్టానికే విరుద్ధం, షాపువాళ్లు ఏమన్నా సరే. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ పోయింది కానీ, కాలిన్, డెంటన్, డాలస్, టారంట్ లాంటి కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ ఉంది. మ్యాప్ ఫ్లాష్ చేసినా, ఎర్రర్ కోడ్ చెరిపినా రెడీనెస్ మానిటర్లు (ఎమిషన్స్ భాగాలు సరిగ్గా ఉన్నాయో లేదో బండి తనంతట చేసుకునే పరీక్షలు) సున్నాకి వెళ్తాయి. 2001 తర్వాతి బండికి ఒక్క మానిటర్ మాత్రమే పెండింగ్‌లో ఉండొచ్చు. కాబట్టి స్టాక్ మ్యాప్‌కి మార్చిన మర్నాడే టెస్ట్‌కి వెళ్లొద్దు. సిటీ, హైవే కలిపి 50 - 100 మైళ్లు తిప్పి, స్కానర్‌లో మానిటర్లు చూసుకుని వెళ్లండి.