కిక్ నడుము దాటడం లేదు, లోపం కాళ్లదా పొట్టదా?

తుంగభద్ర గట్టు (కర్నూలు): వయసు 31. కరాటేలో చేరి 8 నెలలైంది. మాస్టర్ పట్టుకుని లేపితే కాలు భుజం దాకా పోతుంది. నేనే ఎత్తితే నడుము దగ్గర ఆగిపోతుంది. మవాషి గేరి (పక్క నుంచి తిప్పి కొట్టే కిక్) కొడితే ఒళ్లంతా వెనక్కి తూలుతోంది. క్లాసుకు ముందు అరగంట స్ట్రెచింగ్ చేస్తున్నా. ఇంకా ఎంత సాగదీయాలి?

పాత తాలింఖానా (కడప): ఇంక సాగదీయొద్దబ్బీ. ఒకరు లేపితే పోతోందంటే కండరం సాగుతున్నట్టే. ఎత్తి నిలబెట్టే బలమే చాలడం లేదు. వెల్లకిలా పడుకుని మోకాలు వంచకుండా కాలు ఎత్తు. చేత్తో లాగితే ఎంత వస్తుంది, చెయ్యి వదిలేస్తే ఎంత నిలుస్తుంది? ఆ తేడా ఎంతుంటే నీకు అంత పని ఉన్నట్టు. నేనైతే గోడ పట్టుకుని, మోకాలు పైకి మడిచి, కాలు మెల్లగా చాచి 5 సెకన్లు ఆపేవాణ్ణి. కాలికి 6 సార్లు. మొదటి వారం బైకెక్కడానికే తంటాలు పడ్డా.

బ్లూబెల్ట్ అమ్మ (అనంతపురం): నాది టైక్వాండో. అన్నా, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు పలకలా నిలపడం) ఎంతసేపు ఆపుతారు?

తుంగభద్ర గట్టు: 3 నిమిషాలు మేడం!

బ్లూబెల్ట్ అమ్మ: నడుము కిందికి జారిపోయాక ఎన్ని నిమిషాలున్నా లెక్కలోకి రాదు. పిరుదులు బిగించి 20 సెకన్లు సరిగ్గా ఆపి చూడండి, వణుకొస్తుంది. తూలడానికి నాకు పనికొచ్చింది డెడ్ బగ్. వెల్లకిలా పడుకుని చేతులు, మడిచిన మోకాళ్లు పైకి పెట్టి, కుడిచెయ్యి ఎడమకాలు కలిపి మెల్లగా దించాలి, తర్వాత అటుది. నడుము నేలకు అంటుకునే ఉండాలి. కింద చెయ్యి దూరిందంటే పొట్ట వదిలేసినట్టే. సైడ్ ప్లాంక్ కూడా కలపండి.

ఇంకోటి, ఆ అరగంట క్లాసు తర్వాతకు మార్చండి. ఒక్కో కండరాన్ని నిమిషం పైగా పట్టి ఉంచితే కాసేపు దాని ఊపు తగ్గుతుంది. క్లాసుకు ముందు కాళ్లు ముందుకూ పక్కలకూ ఊపుకుంటే చాలు.

కొత్త పహిల్వాన్ (కడప): మా తాతల కాలంలో ఈ బగ్గులేవీ లేవు. దండీలు, బస్కీలు, అంతే.

పాత తాలింఖానా: నేనూ అవే తీశా సామీ, ఇప్పటికీ తీస్తున్నా. వాటితో బలం వస్తుంది. కానీ ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు గాల్లో పట్టుకోవడం వేరు. కర్రసాములో తిరిగేటప్పుడు కూడా భుజంతో కాదు, నడుముతోనే తిప్పాలి.

గజ్జల బాధితుడు (కర్నూలు): ఎవరైనా వీపు మీద కూర్చుని స్ప్లిట్స్ (రెండు కాళ్లూ పూర్తిగా చాపి నేలకు ఆనించడం) దించుతానంటే లేచి వచ్చేయండి. నాకు గజ్జల్లో కండరం చిరిగి 3 నెలలు మెట్లెక్కలేకపోయా. కొట్టేటప్పుడు నిలబడిన కాలి మడమ కూడా ఎదుటివాడి వైపు తిరగాలి, లేకుంటే మెలి మోకాలి మీద పడుతుంది. తూలడానికి సగం కారణం అదేనేమో చూసుకో.

తుంగభద్ర గట్టు: 6 వారాల తర్వాత వస్తున్నా. మడమ తిప్పడమే లేదు నేను, ఫోన్‌లో వీడియో తీసుకుంటే తెలిసింది. కుడికాలు ఛాతీ దాకా వచ్చింది, తూలడం లేదు. ఉగ్గాని తిని వెంటనే క్లాసుకు పోయిన రోజు తప్ప. ఎడమకాలు మాత్రం మొండికేస్తోంది. దానికి ఒక సెట్టు ఎక్కువ చేయాలా, రెండూ సమానంగానే చేయాలా?