మా వీధిలో 4 డెంగీ కేసులు, పొగ కొట్టి వెళ్ళిపోయారు. ఇంకేం అడగాలి?

కొండవాలు (ప్రశ్న)

మాది విశాఖలో కంచరపాలెం వైపు, కొండవాలు ఇళ్ళు. పదిహేను రోజుల్లో మా ఒక్క వీధిలోనే 4 ఇళ్ళలో డెంగీ వచ్చింది. మొదట ఎదురింట్లో డిగ్రీ చదివే అబ్బాయికి, తర్వాత వాళ్ళ పక్కింటి మామ్మగారికి, ఆ తర్వాత మా అన్నయ్య కూతురికి. పాపకి ఏడేళ్ళు. ప్లేట్‌లెట్లు ముప్పై వేలకి పడిపోతే మూడు రాత్రులు ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. ఇప్పుడు ఇంటికి వచ్చేసింది, అన్నం తింటోంది. నాలుగో కేసు నిన్న తెలిసింది.

మునిసిపాలిటీకి ఫోన్ చేస్తే మర్నాడు సాయంత్రం పొగ బండి వచ్చింది. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి పది నిమిషాల్లో కొట్టేసి, కాలువలో ఆయిల్ బాల్స్ (నూనెలో నానబెట్టిన ఉండలు) వేసి వెళ్ళారు. కేసు వచ్చిన ఇంట్లోకి ఎవరూ అడుగు పెట్టలేదు, నీళ్ళ డ్రమ్ముల మూత తీసి చూసినవాళ్ళు లేరు. వార్డు సచివాలయంలో అడిగితే మీ వీధి నుంచి మా లిస్టులో ఒక్క కేసే ఉందండీ అన్నారు. నాలుగిళ్ళలో మనుషులు మంచం పడితే అది ఒకటి ఎలా అవుతుంది?

ఇలాంటప్పుడు నగరపాలక సంస్థ అసలు చేయాల్సిన పని ఏమిటి, ఎవరిని ఏమని అడిగితే అది జరుగుతుంది? ఎవర్నీ తిట్టడానికి కాదు, ఐదో ఇంటికి రాకూడదని అడుగుతున్నాను.

పాత మలేరియా వర్కర్

బాబూ, నేను మలేరియా విభాగంలో ఫీల్డులో చాలా ఏళ్ళు తిరిగాను. వేరే ఊళ్ళో అనుకోండి, కానీ దోమ ఎక్కడైనా ఒకటే. పాప ఇంటికి వచ్చింది, ముందు అది సంతోషం.

పొగ గురించి చెప్తాను. పొగ ఆ సమయానికి గాల్లో ఎగురుతున్న దోమనే చంపుతుంది, దాని ప్రభావం కొద్దిసేపే. డెంగీ దోమ వీధిలో కాదు, ఇంట్లో ఉంటుంది. మంచం కింద, కర్టెన్ వెనక, కొక్కేనికి తగిలించిన చొక్కాల మడతల్లో కూర్చుంటుంది. పొగ బండి వస్తోందంటే మనం ఏం చేస్తాం? తలుపులూ కిటికీలూ మూసేస్తాం. ఇక ఆ పొగ దానికి తగిలేది ఎక్కడ? కాలువలో ఆయిల్ బాల్స్ కూడా మంచివే, కాకపోతే అవి బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమకి. డెంగీ తెచ్చే ఈడిస్‌కి మురుగు అక్కర్లేదు. మనం తాగడానికో వాడుకోవడానికో పట్టి పెట్టుకున్న మంచి నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. కాళ్ళ మీద తెల్ల చారలు ఉంటాయి చూడండి, అదే. పగలే కుడుతుంది, ఎక్కువగా పొద్దున్న, మళ్ళీ సాయంత్రం పొద్దుగుంకే ముందు.

ఇది పుట్టిన చోటు నుంచి ఎక్కువ దూరం పోదు, మామూలుగా 100, 200 మీటర్లు. అంటే మీ నాలుగిళ్ళని కుట్టిన దోమలు పుట్టిన నీళ్ళు మీ వీధిలోనో పక్క వీధిలోనో ఉన్నాయి. అందుకే కేసు తెలియగానే ఆ ఇంటిని మధ్యలో పెట్టుకుని చుట్టూ ఇంటింటికీ వెళ్ళాలి. లోపల పైరెత్రమ్ అనే దోమల మందు స్ప్రే చేయాలి, ఇంకెవరికైనా జ్వరం ఉందేమో అడగాలి, టార్చి వేసి ప్రతి పాత్రా చూడాలి. డ్రమ్ము, సంపు, పూలకుండీ కింద ప్లేటు, ఫ్రిజ్ వెనక ట్రే, వాడని కూలర్, డాబా మీద పడేసిన టైరు, కొబ్బరి చిప్ప, ఏదీ వదలకూడదు. పారబోయగలిగినవి పారబోయించాలి, పారబోయలేని వాటిలో లార్వాని, అంటే నీళ్ళలో ఉండే దోమ పిల్లల్ని చంపే టెమిఫాస్ మందు వేయాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి మన ఎండలకి 8 నుంచి 10 రోజులు చాలు కాబట్టి వారం తిరిగేసరికి మళ్ళీ వెళ్ళాలి. శుక్రవారం డ్రైడే, అంటే నీళ్ళ పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు పెట్టమన్నది ఈ లెక్క మీదే. ఇంకొకటి, నీళ్ళు వంపేస్తే సరిపోదు. గుడ్లు డ్రమ్ము గోడకి అంటుకుని ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి, పీచుతో గట్టిగా తోమాలి.

కాబట్టి ఈసారి ఫోన్ చేసినప్పుడు ఫాగింగ్ చేయించండి అని అడక్కండి. అడిగింది చేస్తారు, అక్కడితో అయిపోతుంది. కేసు చుట్టూ లార్వా సర్వే చేయించండి, ఎన్ని ఇళ్ళు చూశారో, ఎన్నింట్లో లార్వా దొరికిందో మాకు చెప్పండి అని రాసివ్వండి. సచివాలయంలో శానిటేషన్ కార్యదర్శి, ఆరోగ్య కార్యదర్శి ఇద్దరికీ ఇవ్వండి, ఒక కాపీ జోనల్ ఆఫీసుకి.

ల్యాబ్ టెక్నీషియన్

లిస్టులో ఒకటే ఎందుకుందో నాకు తెలిసినంత చెప్తాను. ప్రైవేటులో చాలాచోట్ల చేసేది ర్యాపిడ్ కార్డు టెస్టు, పదిహేను ఇరవై నిమిషాల్లో గీత వస్తుంది. ప్రభుత్వం ఖరారైన కేసుగా లెక్కపెట్టేది ల్యాబులో రక్తంతో చేసే ఎలైజా పరీక్షలో తేలినదాన్నే. జ్వరం మొదలైన మొదటి 5 రోజుల్లో అయితే ఎన్‌ఎస్1 ఎలైజా, ఆ తర్వాత అయితే ఐజీఎం ఎలైజా. మన దగ్గర ఆ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో ఉంది. ప్రైవేటు ఆసుపత్రి కార్డు మీద పాజిటివ్ చూసి వైద్యం చేసేసి, శాంపిల్ పంపకపోతే ఆ కేసు ఖరారైన లిస్టుకి ఎక్కదు. మీ నాలుగింటిలో మూడు అలా పోయి ఉంటాయని నా అనుమానం.

లెక్క కోసం ఆ నియమం సరే. కానీ పని మొదలుపెట్టడానికి ఎలైజా రిపోర్టు దాకా ఆగనక్కర్లేదు, అనుమానిత కేసు చాలు. మీరు నలుగురి డిశ్చార్జి కాగితాలు జిరాక్స్ తీసి ఆ అర్జీకి జతచేయండి. నోటిమాట కన్నా కాగితం బలం.

ఇంకో మాట, ఇది నాలుగో ఇంటివాళ్ళకి తప్పకుండా చెప్పండి. జ్వరం తగ్గిన రోజే గండం గడిచిందనుకోవద్దు, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం దిగుతున్నప్పుడే చాలామందికి తేడా చేస్తుంది. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగతగా పడుకోవడం, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే 108కి ఫోన్ చేయండి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. బ్రూఫెన్, ఆస్పిరిన్ వద్దు.

కొండవాలు

చాలా థాంక్సండీ ఇద్దరికీ. జ్వరం తగ్గాక జాగ్రత్త అన్నది ఇప్పుడే వెళ్ళి నాలుగో ఇంట్లో చెప్పి వచ్చాను. వాళ్ళు నిన్నటి నుంచి బ్రూఫెన్ వేస్తున్నారు, మాన్పించాను. డాక్టరు దగ్గరికి బయల్దేరుతున్నారు.

సూరత్ రిటర్న్

నేను ఉద్యోగరీత్యా సూరత్‌లో ఉన్నవాణ్ణి, అందుకే ఈ లిస్టు సంగతి చదివి రాయాలనిపించింది. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు వచ్చినప్పుడు జనం రైళ్ళ మీదపడి లక్షల్లో ఊరొదిలిపోయారు. మరుసటి ఏడాది 1995లో కమిషనర్‌గా వచ్చింది మన తెలుగువారే, ఎస్.ఆర్. రావు గారు. ఆయన గొప్ప మిషన్లేమీ తేలేదు. పొద్దున్నే ఆఫీసర్లందరినీ ఏసీ గదుల్లోంచి వీధిలోకి దింపారు, జోన్లవారీగా అధికారం పంచి అక్కడికక్కడే నిర్ణయం తీసుకోమన్నారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. ప్రైవేటు ఆసుపత్రుల నుంచి కూడా జ్వరాల వివరాలు కార్పొరేషన్‌కి ఎప్పటికప్పుడు చేరే ఏర్పాటు చేశారు. ఏ వీధిలో జ్వరాలు పెరుగుతున్నాయో ఊరికి తెలిసేలోపే వాళ్ళకి తెలిసేది.

మన 98 వార్డుల విశాఖలో చేతులకి కొదవ లేదు. హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబరులో, వేరే ఊళ్ళ నుంచి పారిశుధ్య కార్మికులు వచ్చి కూలిన చెట్ల కింద నుంచి వీధుల్ని బయటికి లాగారు, నా కళ్ళతో చూశాను. తుఫాను అందరికీ కనిపిస్తుంది కాబట్టి అందరూ కదిలారు. ఆసుపత్రి గదుల్లో విడివిడిగా పడుకున్న నలుగురు ఎవరికీ కనిపించరు. ఎదురింటి అబ్బాయికి వచ్చిన రోజే కార్పొరేషన్‌కి తెలిసి ఉంటే మీ పాపకి వచ్చేది కాదేమో. అందుకే మీ అర్జీలో ఆసుపత్రుల నుంచి సమాచారం ఎన్ని రోజులకి అందుతోందో కూడా అడగండి.

ఆశా అక్క

అన్నయ్యలు చెప్పినవన్నీ నిజమే, కానీ గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో నేను చెప్తాను. 2020 మార్చిలో అల్లిపురంలో మొదటి కరోనా కేసు బయటపడిన దగ్గర్నుంచి మాకు సర్వేలే సర్వేలు. ఎండలో మెట్లెక్కి పోతే తలుపు సందులోంచి మా ఇంట్లో జ్వరాల్లేవమ్మా అనేవాళ్ళు, లోపల దగ్గు వినపడుతూనే ఉండేది. చెప్తే తీసుకుపోతారని భయం. ఇప్పుడు డెంగీకి వెళ్ళినా డాబా మీదికి రానివ్వరు. డ్రమ్ములో నీళ్ళు పారబోయమంటే మళ్ళీ ఎప్పుడొస్తాయో నువ్వు చెప్తావా అంటారు. వాళ్ళనీ అనలేం, కొండ మీదికి కుళాయి వచ్చేది కాసేపే, పట్టుకోకపోతే ఎలా? అలాంటి ఇంట్లో పారబోయమనొద్దు, మూత లేకపోతే పాత పంచె గుడ్డ బిగించి తాడు కట్టమనండి, దోమ దూరదు. మీ వీధి మనిషి ఒకరు మాతో వస్తే తలుపు తెరుస్తారు, అది ఒక్కటి చేయండి తమ్ముడూ.

కొండవాలు

మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. ముందు మా ఇంట్లోనే వెతికాను. ఫ్రిజ్ వెనక ట్రేలో ఏమీ లేదు. డాబా మీద చాకిరేవు బండ పక్కన సిమెంటు తొట్టి ఉంది, వదిన దాన్ని వాడటం మానేసి చాలా నెలలైంది. వాన నీళ్ళు జానెడు లోతు నిలిచాయి. టార్చి వేసి వంగి చూస్తే మొదట ఏమీ కనపడలేదు, నా నీడ పడగానే అన్నీ ఒక్కసారి మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి. కదలకుండా నిలబడితే ఒక్కొక్కటే పైకొచ్చి తలకిందులుగా వేలాడాయి. దాని కింద గదిలోనే పాప పడుకునేది. నేను అక్కడే కూర్చుండిపోయానండీ.

తొట్టి తోమి బోర్లించాం. అర్జీ జిరాక్సులతో ఇచ్చాను, ఈసారి శానిటేషన్ కార్యదర్శి గారు, ఏఎన్‌ఎం మేడమ్ ఇద్దరూ వచ్చారు. 41 ఇళ్ళు చూశాం, 9 ఇళ్ళలో దొరికింది. రెండిళ్ళకి తాళాలున్నాయి. ఒక ఇంటి ఓనరు విజయనగరంలో ఉన్నారు, తాళం తమ్ముడితో పంపిస్తానన్నారు. రెండో ఇంటివాళ్ళ నంబరు ఇంకా దొరకలేదు, బయటి నుంచి చూస్తే డాబా ట్యాంకుకి మూత లేదు, ఆ సంగతి కార్యదర్శి గారికి రాసిచ్చాను. శుక్రవారం పొద్దున్న ఏడింటికి మళ్ళీ మొదటి ఇంటి నుంచి మొదలుపెడుతున్నాం, ఈసారి పక్క వీధి కూడా.