పాత బ్రూవరీల ఆనవాళ్లు: ఈ రంధ్రాల పలక దేనిది?

రాగిగంగాళం:
కూలగొట్టిన ఒక పాత కట్టడం శిథిలాల్లోంచి నా చేతికొచ్చిన కాల్చిన మట్టిపలక ఇది. ఇంచుమించు అడుగు పొడవు, అడుగు వెడల్పు, మంచి బరువు. పైవైపు సన్నని రంధ్రాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. తిరగేస్తే ఒక్కో గుంపు కింద బొటనవేలు పట్టేంత గుంట. అక్కడ ఒకప్పుడు బీరు తయారయ్యేదని మాత్రం తెలిసింది. నీళ్లు వడగట్టే పలక అని ఒకరన్నారు, నాకు నమ్మకం కుదరలేదు. పాత బ్రూవరీల సామాను, కట్టడాలు దగ్గరగా చూసినవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

మొలకబార్లీ:
మాల్ట్ బట్టీ నేలకు పరిచే పలక అండీ అది. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. బార్లీని నానబెట్టి, గచ్చు మీద పలుచగా పరిచి మొలకెత్తిస్తారు. మొలక మరీ సాగకముందే బట్టీకి తరలించి ఆరబెడతారు. అడుగున నిప్పు, పైన ఈ పలకల నేల, దాని మీద గింజలు. వేడిగాలి పైకి రావాలి, గింజ మాత్రం కిందికి జారకూడదు. పలక మందమంతా సన్నని రంధ్రాలే ఉంటే గాలి ధారాళంగా ఆడదు, నలుసులతో ఇట్టే పూడుకుపోతాయి. అందుకే కింద పెద్ద గుంట పెట్టి, పైపొరలో మాత్రమే సన్నగా పొడిచారు. తర్వాతి కాలంలో చాలాచోట్ల వీటి బదులు ఇనుప తీగల జాలీ వచ్చింది.

కట్టడంలో మిగిలిన గోడలు చూడగలిగితే చూడండి. మొలకెత్తించే అంతస్తుల కప్పు బాగా కిందికి ఉంటుంది. గింజ కొద్ది అంగుళాల మందమే పరుస్తారు కాబట్టి ఎత్తుతో పనిలేదు. కిటికీలు చిన్నవి, వరుసగా ఉంటాయి. ఒక చివర కోసుగా లేచిన కప్పు కనిపిస్తే అదే బట్టీ.

మెట్లదారి:
కట్టడాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని హుక్ నార్టన్ బ్రూవరీని తప్పక చూడాలి. గోపురంలా నిలువుగా కట్టారు. నీళ్లు, మాల్ట్ ఒక్కసారి పైకి చేర్చితే చాలు, అక్కడినుంచి పని అంతా కిందికి దిగుతూ సాగుతుంది. మాల్ట్ నలగడం, వేడినీళ్లలో నానడం, చేదు, వాసన ఇచ్చే హాప్స్ పూలతో మరగడం, పులియడం, ఒక్కోటీ ఒక మెట్టు కిందికి. 1899 నాటి ఆవిరి యంత్రం ఇంకా అక్కడే ఉంది. మెట్లు దిగుతుంటే బీరు ఎలా తయారవుతుందో వరుసగా అర్థమవుతుంది, ఎవరూ వివరించనక్కర్లేదు.

ఆవిరిచక్రం:
ఆవిరి యంత్రాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది లండన్‌లోని విట్‌బ్రెడ్ బ్రూవరీ 1785లో ఆవిరి యంత్రాలు తయారుచేసే బౌల్టన్, వాట్‌ల దగ్గర కొన్నది. అంతకుముందు మాల్ట్ నలిపే మరను గుర్రాలు తిప్పేవి. ముందుకూ వెనక్కూ ఆడే కదలికను గుండ్రంగా తిరిగేలా మార్చే క్రాంకు వాడకంపై పేటెంట్ వేరొకరి చేతిలో ఉండటంతో వాట్ పళ్లచక్రం చుట్టూ మరో పళ్లచక్రం తిరిగే ఏర్పాటు చేశాడు. దాన్ని చూస్తూ ఎంతసేపైనా నిలబడవచ్చు. 1887 వరకు పనిచేసి, ఇప్పుడు సిడ్నీ పవర్‌హౌస్ మ్యూజియం సేకరణలో ఉంది.

పీపాకమ్మి:
పెద్ద యంత్రాలు, పెద్ద పీపాలు అంటే మనందరికీ మోజే. కానీ 1814 అక్టోబర్ 17న లండన్‌లో మ్యూక్స్ వారి హార్స్ షూ బ్రూవరీలో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. ఇరవై అడుగులకు పైగా ఎత్తున్న చెక్క తొట్టికి ఒక ఇనుప కమ్మి ఊడింది. అలా ఊడటం మామూలే అనుకుని వదిలేశారు. కాసేపటికే తొట్టి పగిలి, వెనక గోడను కూల్చుకుంటూ బీరు పేదల ఇళ్లమీదికి వరదలా వెళ్లింది. ఎనిమిది మంది చనిపోయారు, అందరూ ఆడవాళ్లు, పిల్లలే. ఆ బ్రూవరీ ఇప్పుడు లేదు, ఆ స్థలంలో డొమినియన్ థియేటర్ ఉంది. మ్యూజియంలో కమ్మిని చూసినప్పుడల్లా నాకు ఆ ఎనిమిది మంది గుర్తొస్తారు.

తూకంరాయి:
అందరూ పెద్దవాటి గురించే రాస్తున్నారు. నా ఓటు అరచేతిలో పట్టే ఇత్తడి పనిముట్టుకు, అదే శాకరోమీటర్‌కు. మాల్ట్ నానిన తీపి నీళ్లలో దాన్ని తేలనిస్తే ఎంత లోతు మునిగిందో చూసి అందులో చక్కెర ఎంతుందో చెప్పవచ్చు. 1784లో జాన్ రిచర్డ్‌సన్ దీని వాడకం గురించి పుస్తకమే ప్రచురించాడు. దానితో కొలిచాక తెలిసింది: బాగా మాడ్చిన గోధుమరంగు మాల్ట్ చవకే, కానీ అందులోంచి వచ్చే చక్కెర తక్కువ. లెక్కచూస్తే లేతరంగు మాల్టే గిట్టుబాటు. మరి పోర్టర్ అనే నల్లని బీరుకు రంగు ఎక్కడినుంచి రావాలి? ఆ చిక్కు 1817లో తీరింది. డేనియల్ వీలర్ తిరిగే ఇనుప పీపాలో మాల్ట్‌ను నల్లగా వేయించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. చిటికెడు నల్లమాల్ట్‌తో రంగు వచ్చేసింది, మిగతాదంతా లేత మాల్టే. రాగిగంగాళం గారూ, మీ పలక మీద ఆరిన మాల్ట్ ఏ రంగుదో నిర్ణయించింది ఒకరకంగా ఆ ఇత్తడి ముక్కే.

చలువగది:
బీరు తయారీకి కావాల్సిన చల్లదనాన్ని మరిచారు. చెక్ దేశంలోని పిల్సెన్‌లో బ్రూవరీ కింద కిలోమీటర్ల కొద్దీ సొరంగాలు తవ్వి, మంచుగడ్డలతో చల్లబరిచేవారు. 1870లలో కార్ల్ ఫాన్ లిండే శీతలీకరణ యంత్రాలు వచ్చాక అలాంటి సొరంగాల అవసరం క్రమంగా తగ్గింది. బ్రస్సెల్స్‌లో కాంటియోన్ బ్రూవరీకి వెళ్తే మాత్రం ఇప్పటికీ అటకమీద వెడల్పైన లోతులేని రాగి తొట్టి ఉంది. రాత్రి గాలికి అందులో చల్లారే మాల్ట్ రసంలోకి ఈస్ట్, అంటే పులియబెట్టే సూక్ష్మజీవి, దానంతట అదే చేరుతుంది. ఆ కప్పు పెంకుల జోలికి పోవాలంటే వాళ్లకు భయం, అందులో కాపురముండే సూక్ష్మజీవులూ పరికరాల కిందే లెక్క.

రాగిగంగాళం:
అందరికీ ఎంతో కృతజ్ఞతలు. రంధ్రాల్లో నల్లగా ఏదో గట్టిగా పట్టుకుని ఉంది. కడిగేయనా?

మొలకబార్లీ:
దయచేసి కడగకండి. అది మసి కావచ్చు, వందేళ్లనాటి బార్లీ పొట్టు కావచ్చు. ఏ ఇంధనం వాడారో కూడా దాన్నిబట్టి తెలిసే వీలుంది. ముందు స్కేలు పక్కన పెట్టి రెండువైపులా ఫొటోలు తీయండి, ఏ గోడ దగ్గర దొరికిందో రాసి పలకతోపాటే ఉంచండి. ఇంగ్లండ్‌లో బర్టన్‌లోని బ్రూవరీ మ్యూజియం, నేషనల్ బ్రూవరీ సెంటర్ లాంటి చోటే 2022లో మూతపడింది. ఎక్కడిదో రాసిపెట్టని వస్తువు ఒకసారి చేతులు మారితే ఇక ఉత్త మట్టిపలకే. అక్కడ ఇంకా పలకలు ఉంటే, అవి పరిచిన వరుస చెదరకముందే వెళ్లి చూడండి.