అప్‌డేట్: వర్టస్ జీటీ టెస్ట్ డ్రైవ్ అయింది, పాత కారు వణుకు సంగతీ తేలింది

నా 2016 హోండా సిటీ కారు గంటకి 90 కిలోమీటర్లు దాటితే స్టీరింగ్ వణుకుతోంది, అమ్మేసి ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ తీసుకోనా అని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"రెండు కార్లూ ఒకే రోడ్డు మీద నడిపి చూడు" అన్న సలహానే పనికొచ్చింది. విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి వారధి దాటి మంగళగిరి దాకా నడిపాను. జీటీ ఇంజిన్ పవర్ 150 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), టార్క్, అంటే తిప్పే బలం, 250 ఎన్ఎం. నాది 119, 145. అంకెలే కదా అనుకున్నా గానీ, లారీని దాటేటప్పుడు వీపు సీటుకి అతుక్కుపోయింది! వెనక కూర్చున్న అమ్మ మాత్రం "గతుకుల్లో మన కారే నయంరా" అంది.

వణుకంటారా, ఆటోనగర్‌లో మెకానిక్ చెయ్యి పెట్టి తడిమి, ముందు ఎడమ టైరు ఉబ్బిందని చూపించాడు. రెండు టైర్లు మార్చి బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా సరిచేయడం) చేయించాక వణుకు పోయింది. నేను టెన్షన్ పడ్డ స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాల్ని తిప్పే భాగం) బాగానే ఉంది. జీటీ సంగతి దసరాకి చూద్దాం.